మా అబ్బాయి చెడిపోతున్నది పాటల వల్లేనా?

ప్రశ్న: మాది తిరుపతి. మా అబ్బాయి తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. ఏడాదిగా ఎప్పుడు చూసినా ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, అమ్మాయి కాదన్నా వెంటపడే సినిమా పాటలూ, బూతులు కలిసిన ర్యాప్ పాటలూ వింటున్నాడు. చెల్లెలితోనూ ఆ భాషలోనే మాట్లాడుతున్నాడు. కిందటి వారం ట్యూషన్ నుంచి వచ్చే ఒక అమ్మాయి వెంట స్నేహితులతో కలిసి అలాంటి పాట పాడుతూ నడిచాడని ఆమె తల్లి మా ఇంటికి వచ్చి చెప్పింది. మా ఆయన వాడిని కొట్టి, ఫోన్ లాక్కున్నారు. నేను అడ్డు వెళితే ‘ఆడదానివి, నీకేం తెలుసు, నోర్మూసుకో’ అన్నారు. మా అత్తగారేమో ‘గంగజాతరలో వినని బూతులా, వయసు పిల్లోడు, వదిలేయండి’ అంటున్నారు. పాటలు పిల్లలను నిజంగా చెడగొడతాయా? పూర్తిగా మాన్పించమంటారా?

సమాధానం: అమ్మా, మీరు పాటల గురించి అడిగారు గాని, ముందు చూడవలసింది ఆ అమ్మాయి సంగతి. మీరూ మీ వారూ కలిసి వాళ్ల ఇంటికి వెళ్లి, జరిగినది తప్పేనని ఆమె తల్లిదండ్రులతో ఒప్పుకోండి. అబ్బాయిని వెంట తీసుకువెళ్లి ఆమె ఎదుట నిలబెట్టకండి. అతని ముఖం చూడాలో వద్దో ఆమె ఇష్టం. ఆమె సరేనంటే క్షమాపణ ఉత్తరం రాసి పంపవచ్చు. ట్యూషన్ మాస్టారికి చెప్పి మీ వాడి వేళలు మార్పించండి. వేళ మార్చుకోవలసింది మీ వాడే గాని ఆ అమ్మాయి కాదు.

ఇక మీ అత్తగారి మాట. జాతరలో బూతులు ఉన్న మాట నిజమే. కానీ అవి వేషంతో, మొక్కుతో వచ్చి జాతరతోనే ముగిసిపోయేవి. ఆ జాతర కథ ఏమిటో ఆమెకు నాకంటే బాగా తెలిసి ఉంటుంది: ఆడపిల్లలను చెరబడుతున్న పాళెగాడు భయపడి దాక్కుంటే, గంగమ్మ రోజుకొక వేషం వేసి వెతికి, చివరకు దొర వేషంలో వాడిని బయటకు రప్పించి తల నరికింది. ఈ కథను మనవడికి ఆమె నోటితోనే చెప్పించండి. మీరూ నేనూ చెప్పే నీతుల కంటే అవ్వ చెప్పే కథ అతనికి బాగా వినబడుతుంది.

పాటలు చెడగొడతాయా అన్న ప్రశ్నకు అవుననీ కాదనీ ఒక్క మాటలో చెప్పలేము. అమెరికాలో 12 నుంచి 17 ఏళ్ల వయసున్న 1,461 మందిని కొన్నేళ్ల పాటు గమనించి, 2006లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. స్త్రీని వస్తువుగా, మగవాడిని అదుపు లేని కోరిక గలవాడిగా చూపే పాటలు ఎక్కువగా విన్నవారు తక్కువ వయసులోనే లైంగిక సంబంధాల వైపు వెళ్లినట్లు అందులో తేలింది. శృంగారం ఉన్నా ఎవరినీ కించపరచని పాటల విషయంలో అలాంటి సంబంధం కనిపించలేదు. పాటే కారణమని ఇది రుజువు చేయదు, అటువంటి మనస్తత్వం ఉన్నవారే అటువంటి పాటలు వెతుక్కుంటూ ఉండవచ్చు. అయినా మన ఆందోళన ఎక్కడ ఉండాలో ఈ తేడా చూపిస్తుంది. శృంగారం వింటే పిల్లలు పాడైపోతారనుకుంటే, మన కొండ మీద అన్నమాచార్యులు పాడిన శృంగార సంకీర్తనలను ఏం చేస్తాము? వాటిలో నాయిక అలుగుతుంది, నిలదీస్తుంది, తన మాట తానే చెబుతుంది. మీ అబ్బాయి వింటున్న పాటల్లో అమ్మాయికి ఆ నోరు లేదు. ఆమె ‘వద్దు’ అన్న మాటకు విలువ ఉండదు, వెంటపడటానికే ప్రేమ అని పేరు. నన్నడిగితే పచ్చి బూతు కంటే ఇదే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే బూతును పిల్లవాడు బూతుగానే గుర్తుపడతాడు, దీన్ని మాత్రం మగతనంగా నేర్చుకుంటాడు. మ్యూజిక్ యాప్‌లలో అసభ్యమైన పాటలు రాకుండా ఆపే సెట్టింగ్ పెట్టండి, కాని అది అసభ్యమైనవని గుర్తు పెట్టిన పాటలనే పడుతుంది. ఒక్క తిట్టు కూడా లేని వెంటపడే పాట అందులోంచి హాయిగా దాటిపోతుంది.

కనుక పూర్తిగా మాన్పించవద్దు, స్నేహితుల ఫోన్లలో ఎలాగూ వింటాడు. కొన్నాళ్ల తరువాత ఫోన్ తిరిగి ఇచ్చి, రాత్రిపూట మాత్రం హాల్లో పెట్టే నియమం చేయండి, అది మీ ఇద్దరి ఫోన్లకూ వర్తించాలి. అతనికి నచ్చిన పాటనే ఒకటి మీకు వినిపించమని అడగండి. సంగీతాన్ని వెక్కిరించకండి, ఆ దరువు బాగుంటే బాగుందనే చెప్పండి. తరువాత, పాటలోని అమ్మాయికి ఏమనిపించి ఉంటుందో, అదే పాట ఎవరైనా చెల్లెలి వెనుక పాడుతూ నడిస్తే తానేం చేస్తాడో అడిగి, జవాబు వెంటనే రాకపోయినా ఊరుకోండి. చట్టం సంగతి కూడా అతనికి తెలియాలి. ఇష్టం లేదని స్పష్టంగా చెప్పిన స్త్రీ వెంట పదేపదే పడటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద మొదటిసారికే 3 ఏళ్ల వరకు జైలుశిక్ష పడగల నేరం. ఇతరులకు ఇబ్బంది కలిగేలా బహిరంగంగా అసభ్యమైన పాట పాడటం 296వ సెక్షన్ కింద నేరం. 18 ఏళ్లు నిండనివాడు కాబట్టి కేసు జువెనైల్ జస్టిస్ బోర్డుకు వెళుతుంది గాని, వెళ్లకుండా ఉండదు.

మీ వారి గురించి మీరు రాసిన ఒక్క వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఆడపిల్లను కించపరిచాడని కొడుకును కొడుతూ, అదే నోటితో, అతని ఎదుటే, ‘ఆడదానివి, నోర్మూసుకో’ అన్నారు. పాటలో విన్నది నిజమేనని ఆ క్షణంలో ఇల్లే పిల్లవాడికి చెప్పినట్లయింది. ఈ జవాబును ఆయనకు చూపించండి. అయ్యా, కొట్టినందుకు అబ్బాయితోనూ, అన్న మాటకు మీ భార్యతోనూ, పిల్లలిద్దరూ వింటుండగా మీరు క్షమాపణ చెప్పాలి. మిగిలిన ప్రయత్నాలన్నీ దాని తరువాతే పనిచేస్తాయి.

ఇన్ని చేసినా అమ్మాయిల వెంటపడటం ఆగకపోయినా, చెల్లెలి మీద చెయ్యి చేసుకున్నా, లేదా అతను తిండీ నిద్రా మాని ఎవరితోనూ మాట్లాడకుండా ఉన్నా, మానసిక వైద్యుల దగ్గరకు తీసుకువెళ్లండి. అంతకుముందే ఫోనులో సలహా కావాలంటే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.