రిపోర్టింగ్ రకాలు: నిర్వచనాలు కాదు, రుజువులు చూడండి

ప్రశ్న: జర్నలిజం మొదటి సంవత్సరం విద్యార్థిని. స్ట్రెయిట్ న్యూస్, ఫీచర్, క్రైమ్, కోర్టు, ఇన్వెస్టిగేటివ్, ఇంటర్‌ప్రెటేటివ్, డేటా, స్పోర్ట్స్ అంటూ పెద్ద జాబితా ఇచ్చారు. నిర్వచనాలు చదివినా ఒకదానికొకటి తేడా తెలియడం లేదు. ఎలా నేర్చుకోవాలి?

జవాబు:

తికమకకు కారణం ఆ జాబితాలోనే ఉంది. మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులను తెచ్చి ఒకే వరుసలో పేర్చారు. క్రైమ్, కోర్టు, స్పోర్ట్స్, సైన్స్ అనేవి రంగాలు, అంటే బీట్లు. స్ట్రెయిట్ న్యూస్, ఫీచర్, ఒక మనిషి గురించి రాసే ప్రొఫైల్ అనేవి రాసే రూపాలు. ఇన్వెస్టిగేటివ్, డేటా, ఇంటర్‌ప్రెటేటివ్ అనేవి సమాచారం సంపాదించి నిలబెట్టే పద్ధతులు. ఆరోగ్య బీట్ రిపోర్టర్ డేటా పద్ధతిలో తవ్వి ఫీచర్ రూపంలో రాస్తే అది మూడు చోట్లకీ చెందుతుంది. పరీక్షకు నిర్వచనాలు రాసుకోండి. పని నేర్చుకోవడానికి మాత్రం ప్రతి రకాన్నీ ఒకే ప్రశ్నతో పరీక్షించండి: ఈ వాక్యం రాయాలంటే నా చేతిలో ఏముండాలి?

ఒకే ఘటనను పట్టుకుని అన్ని రకాలుగా రాయడం దీనికి మంచి సాధన. నాలుగంతస్తుల వాణిజ్య భవనంలో రాత్రి మంటలు వచ్చాయి, ముగ్గురు చనిపోయారు అనుకుందాం.

మొదటిది స్ట్రెయిట్ న్యూస్, అంటే జరిగింది జరిగినట్టు చెప్పే వార్త. 200 నుంచి 300 పదాలు, గంటలోపు కాపీ (రాసిన వార్త) వెళ్లిపోవాలి. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అనే ఆరింటిలో మొదటి నాలుగు ఆ రాత్రికే దొరుకుతాయి. చివరి రెండూ సాధారణంగా దొరకవు. విద్యార్థులు ఎక్కువగా దొరికిపోయేది అక్కడే. ఖాళీ ఉంచడానికి మనసొప్పక 'షార్ట్ సర్క్యూటే కారణమని భావిస్తున్నారు' అని రాసేస్తారు. ఎవరు భావిస్తున్నారు? అగ్నిమాపక అధికారి అన్నారా, పక్క షాపు యజమాని అన్నారా, ఇంకో పత్రికలో చూశారా? 'తెలుస్తోంది', 'సమాచారం', 'వినిపిస్తోంది' అనే మూడు ముగింపులూ మూలాన్ని మింగేస్తాయి. కాపీ పంపే ముందు వాటిని వెతికి, ప్రతి చోటా చెప్పిన మనిషి పేరూ హోదా పెట్టండి. పెట్టలేకపోతే వాక్యం తీసేయండి. 'కారణం ఇంకా తేలలేదని అగ్నిమాపక అధికారి చెప్పారు' అన్నది పూర్తి వార్తే.

ఇంట్రో, అంటే వార్త మొదలయ్యే వాక్యం, గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలు 25, 30 పదాల ఒకే వాక్యం సరిపోతుందంటాయి. తెలుగులో క్రియ చివరికి వస్తుంది. అంత పొడుగు వాక్యం రాస్తే స్థలం, వారం, సమయం, భవనం వర్ణన అన్నీ ముందుకొచ్చి అసలు సంగతి తోకలో పడుతుంది. 'శుక్రవారం రాత్రి సుమారు తొమ్మిది గంటల సమయంలో ప్రధాన రహదారిపై గల నాలుగంతస్తుల భవనంలో ప్రమాదవశాత్తూ మంటలు చెలరేగిన ఘటనలో' అని చదివాక కూడా పాఠకుడికి మరణాల సంగతి తెలియలేదు. దాన్ని విరగ్గొట్టండి: 'వాణిజ్య భవనంలో మంటలు చెలరేగి ముగ్గురు మరణించారు. మరో తొమ్మిది మంది ఆస్పత్రిలో ఉన్నారు.' సమయం, స్థలం వివరాలు మూడో వాక్యంలోకి వెళ్తాయి. అన్నట్టు, ఆ పాత వాక్యంలోని 'ప్రమాదవశాత్తూ' కూడా ఒక తీర్పే. దర్యాప్తు మొదలవకముందే ఎవరూ కావాలని చేయలేదని మీరు తేల్చేశారు.

మృతుల సంఖ్య దగ్గర ఇంకో చిక్కు. పోలీసులు ముగ్గురంటారు, ఆస్పత్రి వాళ్లు నలుగురంటారు, సంఘటన స్థలంలో ఉన్నవాళ్లు పదిమంది అంటారు. సగటు తీయకండి, పెద్ద సంఖ్య ఎంచుకోకండి. ఎవరు ఎంత చెప్పారో, ఎన్ని గంటలకు చెప్పారో రాయండి. పోలీసులు మృతదేహాలను స్థలంలో లెక్కపెడతారు. ఆస్పత్రి చికిత్సలో చనిపోయినవారిని కూడా కలుపుతుంది. రెండూ నిజమే కావచ్చు.

మర్నాడు రాసేది ఫాలోఅప్. నిన్నటి వార్తనే ఇంకోసారి చెప్పడం ఫాలోఅప్ కాదు. కొత్త సంగతి మొదటి వాక్యంలో ఉండాలి, నిన్నటిది మూడో పేరాలో రెండు వాక్యాలకు మించకూడదు.

ఇంటర్‌ప్రెటేటివ్, అంటే వివరణాత్మక రిపోర్టింగ్‌ని చాలామంది అభిప్రాయ వ్యాసంతో కలిపేస్తారు. మంటల ఘటనలో ఇది అడిగే ప్రశ్న: కాలిన గాయాలు లేకుండానే పై అంతస్తుల్లో మనుషులు ఎందుకు చనిపోయారు? భవనాల్లో అగ్నిప్రమాద మరణాల్లో ఎక్కువ భాగం పొగ వల్లే. మెట్ల దారికి తలుపులు లేకపోయినా, ఉన్నవి తెరిచి ఉన్నా వేడి పొగ ఆ దారినే పైకి ఎగబాకుతుంది. ఇది వివరణ, అగ్నిమాపక నిపుణుడితో సరిచూసుకుని రాయాలి. 'యజమాని దురాశ ముగ్గురిని బలిగొంది' అన్నది అభిప్రాయం, దాని చోటు సంపాదకీయ పేజీ. తేడా పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. మీ వాక్యంతో విభేదించే మనిషికి మీరు చూపించడానికి కాగితమో కొలతో నిపుణుడి మాటో ఉంటే అది వివరణ. 'అలా అనిపించింది' అన్నదొక్కటే ఉంటే అభిప్రాయం.

డేటా రిపోర్టింగ్ అంటే గ్రాఫులు గీయడం అనుకుంటారు. పనిలో ఎక్కువ భాగం పట్టికను శుభ్రం చేయడంలో పోతుంది. అగ్నిమాపక శాఖ నుంచి అయిదేళ్ల ఘటనల పట్టిక దొరికిందనుకోండి. మొదట అసలు ఫైల్‌ను ముట్టుకోకుండా పక్కన పెట్టి, నకలు మీద పని చేయండి. తర్వాత ఒకే ఊరి పేరు మూడు స్పెల్లింగుల్లో ఉందేమో చూడండి. ఖాళీ గడి, సున్నా ఒకటి కావు: సున్నా అంటే ఘటన జరగలేదు, ఖాళీ అంటే ఎవరూ నమోదు చేయలేదు. ఖాళీని సున్నాగా లెక్కేస్తే నమోదు సరిగా చేయని ఊరే అన్నిటికన్నా సురక్షితమైన ఊరుగా తేలుతుంది.

లెక్కల్లో పదేపదే జరిగే తప్పులు మూడు. మొదటిది మొత్తాలను పోల్చడం. 2 లక్షల జనాభా ఉన్న ఊళ్లో 10 ఘటనలు, 20 లక్షల జనాభా ఉన్న నగరంలో 60 జరిగితే నగరం ప్రమాదకరం అనిపిస్తుంది. లక్ష మందికి చూస్తే ఊళ్లో 5, నగరంలో 3. రెండోది శాతాలు. 4 శాతం నుంచి 6 శాతానికి పెరిగితే పెరుగుదల 2 శాతం అని రాయకూడదు. అది 2 పర్సంటేజ్ పాయింట్లు, శాతంలో చెప్పాలంటే 50. మూడోది సగటు. అయిదుగురి జీతాలు వేలల్లో 10, 10, 12, 12, 100 అయితే సగటు 28.8 వస్తుంది, ఆ జీతం అక్కడ ఎవరికీ లేదు. వరుసలో నడిమి సంఖ్య, అంటే మీడియన్, 12. ఒకటి నుంచి రెండుకు పెరిగితే '100 శాతం పెరుగుదల' అని శీర్షిక పెట్టడం అబద్ధం కాదు గానీ మోసమే.

ఈ పద్ధతి ఏం చేయగలదో అమెరికాలో 1967 డెట్రాయిట్ అల్లర్ల తర్వాత తేలింది. చదువు లేనివాళ్లు, అట్టడుగున ఉన్నవాళ్లే అల్లర్లకు దిగారని అప్పట్లో అందరూ అనుకున్నారు. ఫిలిప్ మేయర్ అనే రిపోర్టర్ డెట్రాయిట్ ఫ్రీ ప్రెస్ పత్రిక కోసం సర్వే చేయించి కంప్యూటర్‌తో విశ్లేషించారు. కాలేజీ మెట్లెక్కినవాళ్లూ హైస్కూల్ మానేసినవాళ్లంత మేరకూ పాల్గొన్నారని తేలింది. వంద ఇంటర్వ్యూలు కోట్ చేసినా ఆ సంగతి బయటపడేది కాదు.

ఇన్వెస్టిగేటివ్ రిపోర్టింగ్‌కు గుర్తు రహస్య కెమెరా కాదు. ఎవరో దాచాలనుకున్న సంగతిని మీ సొంత శ్రమతో బయటపెట్టి రుజువు చేయడం దాని గుర్తు. దర్యాప్తు సంస్థ ఇచ్చిన నివేదికను ముందుగా సంపాదించి అచ్చేస్తే అది మంచి స్కూపే (అందరికన్నా ముందు ఇచ్చిన వార్తే), పరిశోధన మాత్రం వాళ్లది. మన భవనం విషయంలో పరిశోధన ఇలా నడుస్తుంది: అగ్నిమాపక అనుమతి ఏ తేదీన ఇచ్చారు, ఎప్పుడు ముగిసింది, తనిఖీకి ఎవరొచ్చారు, తనిఖీ నివేదికలో రెండో మెట్ల దారి ఉందని రాశారా, ఆమోదించిన ప్లాన్‌లో అది ఉందా, భవనంలో ఉందా? ప్లాన్‌కూ భవనానికీ మధ్య ఉన్న తేడాయే మీ కథనం.

దీనికి మొదటి రోజు నుంచే తేదీల పట్టిక తెరవాలి. నాలుగు నిలువు వరుసలు చాలు: తేదీ, ఏం జరిగింది, ఏ పత్రం, ఎన్నో పేజీ. ఘటనలను తేదీల వారీగా పేర్చగానే వెనక తేదీలు వాటంతటవే బయటపడతాయి. తనిఖీ నివేదిక తేదీ అనుమతి తేదీ కంటే తర్వాత ఉండటం లాంటివి ఇంటర్వ్యూల్లో ఎవరూ చెప్పరు. పత్రాలు అడిగే చట్టాలు చాలా దేశాల్లో ఉన్నాయి, స్వీడన్‌లో అయితే 1766 నుంచే. దరఖాస్తులో 'ఈ భవనానికి సంబంధించిన సమస్త సమాచారం' అని అడిగితే తిరస్కరించడం సులువు. పత్రం పేరు, కాలవ్యవధి, జారీ చేసిన విభాగం చెప్పి అడగండి.

ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తికి ఏయే ఆరోపణలు అచ్చవుతాయో ఒక్కొక్కటిగా రాసి పంపి, జవాబుకు తగినంత గడువివ్వాలి. ప్రచురణకు పది నిమిషాల ముందు ఫోన్ చేసి 'స్పందించలేదు' అని రాయడం ఈ వృత్తిలో నీచమైన అలవాట్లలో ఒకటి. నిజంగా అడిగినప్పుడు వచ్చే జవాబు ఒక్కోసారి మీ కథనాన్నే కూలుస్తుంది. అచ్చయ్యాక కూలడం కంటే అది నయం.

మారువేషం గురించి తప్పకుండా అడుగుతారు. అమెరికా రిపోర్టర్ నెల్లీ బ్లై 1887లో మతిస్థిమితం లేనట్టు నటించి న్యూయార్క్ బ్లాక్‌వెల్స్ ఐలండ్ ఆస్పత్రిలో పది రోజులుండి రాశారు. ఇంకే దారీ లేనప్పుడు, ప్రజలకు పెద్ద మేలు ఉన్నప్పుడు, సంపాదకుడి అనుమతితో మాత్రమే వాడే పద్ధతి అది. విద్యార్థులు అసైన్‌మెంట్ కోసం దాని జోలికి పోవద్దు.

ఫీచర్‌ను తక్కువ మాటల్లో చెప్పొచ్చు, కానీ రాయడం తక్కువ పని కాదు. వార్తకు గడువు ఉంటుంది, ఫీచర్‌కు పరిశీలన ఉండాలి. నాలుగో పేరా దాటేలోపు ఈ కథ ఇప్పుడెందుకో చెప్పే ఒక పేరా రావాలి. అది లేకపోతే వర్ణన ఎంత బాగున్నా పాఠకుడు వదిలేస్తాడు. మనుషుల మాటలను, వివరాలను కల్పించే ఆశ ఇక్కడే ఎక్కువ. వాషింగ్టన్ పోస్ట్ 1981లో, అమెరికాలో జర్నలిజానికి ఇచ్చే పులిట్జర్ బహుమతిని వెనక్కి ఇచ్చేసింది. బహుమతి తెచ్చిన ఫీచర్‌లోని ఎనిమిదేళ్ల బాలుడు అసలు లేనే లేడు. ఫీచర్‌లో ప్రతి మనిషికీ మీ నోట్‌బుక్‌లో పూర్తి పేరు, ఫోన్ నంబర్ ఉండాలి, అచ్చులో మార్చినా సరే.

లైవ్, ఎన్నికల రిపోర్టింగ్‌లో ప్రమాదం ఒక్కటే: జరగబోయేదాన్ని జరిగిందిగా రాయడం. 1948 అమెరికా అధ్యక్ష ఎన్నికల రాత్రి షికాగో ట్రిబ్యూన్ డ్యూయీ గెలిచాడని పెద్ద అక్షరాల్లో అచ్చేసింది, గెలిచింది ట్రూమన్. అచ్చు కార్మికుల సమ్మె వల్ల పేజీలు మామూలు కంటే ముందే పంపాల్సి వచ్చింది, అంచనాలను నమ్ముకున్నారు. ఇప్పుడు సమ్మె అవసరం లేదు, మనమే తొందరపడతాం.

ఇక సాధన. అచ్చయిన ఏదైనా కథనం తీసుకుని నాలుగు రంగుల పెన్నులతో కూర్చోండి. రిపోర్టర్ కళ్లతో చూసింది ఒక రంగు, ఎవరో చెప్పింది ఒకటి, పత్రంలో ఉన్నది ఒకటి, రిపోర్టర్ ఊహించింది ఒకటి. స్ట్రెయిట్ న్యూస్‌లో 'చెప్పింది' ఎక్కువ కనిపిస్తుంది, ఫీచర్‌లో 'చూసింది', పరిశోధనలో 'పత్రం'. ఊహ రంగు ఎక్కువైతే అది ఏ పేరుతో అచ్చయినా రిపోర్టింగ్ కాదు. ఏ రంగూ వేయలేని వాక్యాలు కూడా కొన్ని మిగులుతాయి, అవే మూలం లేని వాక్యాలు.

ఇంటర్వ్యూల్లో ఒక్క జాగ్రత్త. పేరుతో రాయొచ్చా, పేరు లేకుండా రాయొచ్చా, అసలు రాయకూడదా అన్న ఒప్పందం మాట మొదలవకముందే జరగాలి. అంతా చెప్పేసి 'ఇది రాయకు' అంటే ఒప్పుకోవాలన్న నియమం లేదు. కానీ మీడియా అలవాటు లేని మామూలు మనిషికి ఆ నియమం తెలియదు, ముందే వివరించాల్సింది మీరే. పేరును వాళ్ల చేతే మీ నోట్‌బుక్‌లో రాయించుకోండి.

ఇంటర్న్‌షిప్‌లో బీట్ ఎంచుకోమంటే, అందరూ ఎగబడే సినిమా, స్పోర్ట్స్ వదిలి కోర్టు అడగండి. రోజూ గడువు ఉంటుంది, ఇరుపక్షాలూ ఎదురుగానే ఉంటాయి, వాదనలన్నీ కాగితాల మీద ఉంటాయి. ఆరోపణ, సాక్ష్యం, తీర్పు మూడూ వేరని అక్కడ ఒంటబడుతుంది. నిందితుడిని దోషి అని రాస్తే డెస్క్‌లో కాపీ దిద్దేవాళ్లు కాదు, అవతలి లాయరే దిద్దుతాడు. న్యాయమూర్తి విచారణలో నోటితో అన్న మాట ఉత్తర్వు కాదు, ఉత్తర్వు ప్రతి చూసే వరకు 'ఆదేశించింది' అనే క్రియ వాడకూడదు. మైనర్లు, లైంగిక నేరాల బాధితుల పేరు తీసేస్తే సరిపోదు. వీధి, బడి, తండ్రి ఉద్యోగం కలిపి చదివితే మనిషి ఎవరో తెలిసిపోతుంది. పైగా పెద్ద పరిశోధనల మొదలు ఒక్కోసారి కోర్టు హాల్లోనే ఉంటుంది. 1972 జూన్ 17న వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ భవనంలో అయిదుగురు చొరబాటుదారులు దొరికారు, అధ్యక్షుడు నిక్సన్ రాజీనామా దాకా వెళ్లిన కథ అక్కడే మొదలైంది. వాషింగ్టన్ పోస్ట్ రిపోర్టర్ బాబ్ వుడ్‌వర్డ్‌ను వాళ్ల కోర్టు హాజరు రాయడానికి పంపారు. నిందితుల్లో ఒకరు తాను సీఐఏలో పనిచేసి మానేశానని అక్కడే చెప్పారు. మొదటి వారం అక్కడి భాష సగం అర్థం కాదు. ఆ రోజు విచారణకొచ్చే కేసుల జాబితా పొద్దున్నే తీసుకుని, ఒక్క కేసు ఎంచుకుని, దాని పాత వాయిదాల ఉత్తర్వులు చదివి వెళ్లండి.