కారు తగిలినప్పుడు ‘నాకేం కాలేదు’ అనకు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

బెంగళూరులో మారతహళ్లి నుంచి బెళ్లందూరు ఆఫీసుకు సైకిలు మీదనే వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. మానుకోమని నేను అనను. అయితే ఆ రింగ్ రోడ్డు మీద ఏదైనా కారు నిన్ను ఢీకొంటే ఏం చేయాలో, ఏళ్ల తరబడి బీమా కంపెనీలో ప్రమాదాల క్లెయిములు చూసినవాడిగా నీకు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

కిందపడ్డవాళ్లలో చాలామంది వెంటనే లేచి, చుట్టూ మూగిన జనాన్ని చూసి మొహమాటపడి, “నాకేం కాలేదండీ” అని వెళ్లిపోతారు. అదురుపాటులో నొప్పి తెలియదు కనుక ఆ మాట నువ్వు అనవద్దు. మెడలో గాని వెన్నులో గాని నొప్పి ఉన్నా, కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కినా కదలకుండా ఉండి, ఎవరినీ లేపనివ్వకుండా, 108కి గాని 112కి గాని ఫోన్ చేయమని అడుగు. సాయం చేసినవారిని పేరు చెప్పమని కూడా ఎవరూ బలవంతపెట్టకూడదని చట్టం ఉంది. ఎవరైనా వెనుకాడితే ఆ సంగతి చెప్పు.

నడవగలిగితే రోడ్డు అంచుకు వచ్చి, అన్నిటికంటే ముందు కారు నంబరు ఫొటో తీసుకో. ఆ తర్వాత డ్రైవరు లైసెన్సు, బీమా పత్రం, సైకిలు పడి ఉన్న చోటు, చూసినవారి ఫోన్ నంబర్లు. పక్క దుకాణంలో సీసీ కెమెరా ఉంటే ఆ రికార్డింగు దాచమని ఆ రోజే అడగాలి. కొద్ది రోజులకే పాతది చెరిగిపోతుంది.

తప్పెవరిదని అక్కడ వాదించవద్దు, నాదేనని ఒప్పుకోవద్దు, చేతిలో పెట్టే నోట్లు తీసుకోవద్దు. క్యాబ్ నడుపుకొని బతికేవాడిని కేసులో ఇరికించడమెందుకని నీకు జాలి కలగవచ్చు, ఆ జాలి మంచిదే. కానీ ప్రతి కారుకూ థర్డ్ పార్టీ బీమా, అంటే ఆ కారు వల్ల ఇతరులకు జరిగే నష్టానికి బీమా, తప్పనిసరి కనుక, బీమా, లైసెన్సు సరిగా ఉంటే నీ వైద్యానికి పరిహారం చెల్లించవలసింది బీమా కంపెనీయే తప్ప ఆ మనిషి కాదు.

ఆసుపత్రిలో చెప్పే మాట మరీ ముఖ్యం. సైకిలు మీది నుంచి పడ్డానని రాయించుకున్నవారి క్లెయిములు, అసలు కారే తగల్లేదన్న వాదనతో ఏళ్లకేళ్లు నలగడం నేను చూశాను. ఫలానా నంబరు కారు, ఫలానా చోట, ఫలానా వేళకు ఢీకొట్టిందని స్పష్టంగా చెప్పి, ఎంఎల్‌సీగా (పోలీసులకు తెలపవలసిన కేసుగా) నమోదు చేయమను. 2025లో వచ్చిన కేంద్ర పథకం కింద, గుర్తించిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా వైద్యం అందుతుంది. దాని గురించి అడుగు. తలకు దెబ్బ తగిలితే పైకి గాయం లేకపోయినా స్కానింగు సంగతి డాక్టరునే తేల్చనివ్వు. ఆ రాత్రి ఒంటరిగా పడుకోవద్దు. వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, అదే పనిగా మగత, మాట తడబడటం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా నిమ్హాన్స్ వంటి మెదడు, నరాల ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రమాదం జరిగిన ప్రాంతపు ట్రాఫిక్ పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వు. ఎఫ్ఐఆర్ కన్నడలో ఉంటుంది కాబట్టి, చదివించుకొని అర్థమయ్యాకే సంతకం పెట్టి, నకలు అడిగి తీసుకో. అది ఉచితంగా ఇవ్వాలి. పరిహారం దరఖాస్తు ఆరు నెలల లోపే మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌లో వేయాలి. బెంగళూరులో ఆ కేసులు స్మాల్ కాజెస్ కోర్టులో నడుస్తాయి. కారు ఆగకుండా పారిపోయి ఆచూకీ దొరకకపోయినా ఊరుకోవద్దు, తీవ్ర గాయాలకు ప్రభుత్వ పథకం కింద 50,000 రూపాయలు వస్తాయి. మందుల బిల్లులు, సెలవుల లెక్క, ఆఫీసు జీతం పత్రం ఒకే కవరులో ఉంచు.

సైకిలును బాగుచేయించే ముందు అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయించి, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కునూ ఫ్రేమునూ మెకానిక్‌తో పరీక్ష చేయించాలి. కార్బన్ ఫోర్కులో పగులు పైకి కనబడకపోవచ్చు. దెబ్బ తిన్న హెల్మెట్ బాగున్నట్టే కనిపించినా లోపలి ఫోము ఒకసారి నలిగితే మళ్లీ కాపాడదు. కొత్తదానికి డబ్బు నేను పంపుతాను, పాతదాన్ని మాత్రం కేసు తేలేవరకు పారేయవద్దు.

ఇట్లు,
మామయ్య