లేబుల్ లేని బట్ట పాలియెస్టరా, నైలానా, రేయానా అని గుర్తుపట్టడం ఎలా?

లేబుల్ లేని బట్టను చేత్తో తడిమి, మెరుపు చూసి అది ఏ పీచుతో నేసిందో చెప్పగలమా అన్నది మీ ప్రశ్న. చాలా కాలంగా కుట్టుపనిలో ఉన్న మనిషిగా నా సమాధానం, ఆ రెండింటినీ నమ్మవద్దనే. స్పర్శ, మెరుపు అనేవి పీచు స్వభావం కంటే ఎక్కువగా పోగు సన్నదనాన్ని, నేతను, మిల్లులో చివరగా చేసే ఫినిషింగ్‌ను బట్టి వస్తాయి. పట్టులా జారిపోయే శాటిన్, ఉన్నిలా మెత్తగా ఉండే ఫ్లీస్, గరుకైన సంచి గుడ్డ, ఈ మూడూ ఒకే పాలియెస్టర్‌తో తయారవుతాయి. నీటికీ వేడికీ పీచు ఎలా స్పందిస్తుందో చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

ముందుగా రేయాన్‌ను విడదీయండి. దాన్ని సింథటిక్ బట్టలతో కలిపి చెబుతారు గానీ, అది కలప గుజ్జులోని సెల్యులోజ్‌ను (మొక్కల్లో ఉండే పీచు పదార్థాన్ని) కరిగించి మళ్లీ పోగుగా తీసినది. 1892లో ఇంగ్లండ్‌లో క్రాస్, బెవన్, బీడిల్ అనే రసాయన శాస్త్రవేత్తలు పేటెంట్ పొందిన విస్కోస్ పద్ధతే ఇప్పటికీ ఎక్కువగా వాడుకలో ఉంది. మామూలు గాలిలో ఉన్నప్పుడే విస్కోస్, అంటే ఆ పద్ధతిలో తీసిన రేయాన్, తన బరువులో 11 నుంచి 13 శాతం వరకు తేమను పట్టి ఉంచుతుంది. అదే నైలాన్ 4 శాతం, ఉన్నిలా ఉండే సింథటిక్ పీచైన అక్రిలిక్ 2 శాతానికి అటూ ఇటూగా పట్టి ఉంచితే, పాలియెస్టర్ అర శాతం కూడా పట్టదు. నేను చేసే పరీక్ష చాలా సులభమైనది. ఒక పోగును లాగి, దాని మధ్యభాగాన్ని మాత్రం తడిపి, రెండు కొసలూ పట్టుకొని లాగుతాను. తడిసిన చోటే తేలిగ్గా తెగితే అది దాదాపుగా విస్కోసే, ఎందుకంటే తడిసినప్పుడు దాని బలం సగం వరకు తగ్గిపోతుంది. నూలు పోగైతే తడిసినప్పుడు మరింత గట్టిపడుతుంది, పాలియెస్టర్‌లో తేడాయే కనిపించదు. రేయాన్ బట్టలను పిండి మెలితిప్పవద్దని నేను పదే పదే చెప్పేది కూడా ఈ కారణంగానే.

తర్వాతిది మంట పరీక్ష. కుట్టు మడత లోపలి నుంచి పడుగు (నిలువు) పోగులు కొన్ని, పేక (అడ్డ) పోగులు కొన్ని తీసి వేరువేరుగా కాల్చాలి. పడుగు ఒక పీచు, పేక మరొక పీచు అయిన బట్టలు చాలానే ఉంటాయి. పోగులను పట్టకారుతో పట్టుకోవాలి, కింద లోహపు పళ్లెం, పక్కన నీళ్లు ఉంచుకోవాలి, కరిగి జారే బొట్టు చర్మానికి అంటుకొని లోతుగా కాలుస్తుంది కనుక పిల్లలను దూరంగా ఉంచాలి. రేయాన్ కాగితంలా భగ్గున మండి, అదే వాసనతో కాస్త మెత్తటి బూడిదను మిగులుస్తుంది. పాలియెస్టర్, నైలాన్ మంట దగ్గరకు రాగానే ముడుచుకొని కరిగి, చల్లారాక గట్టి పూసలా మారతాయి. పాలియెస్టర్ నుంచి నల్లటి పొగ వస్తుంది. అక్రిలిక్ కరుగుతూనే వేగంగా మండుతుంది, మంట తీసేసినా ఆగదు, నల్లటి వంకర ముద్ద మిగులుతుంది. సెల్యులోజ్ నుంచే తయారయ్యే మరో పీచైన అసిటేట్ కాలితే వెనిగర్ వాసన వస్తుంది. అసిటోన్ చుక్క వేస్తే అది కరిగిపోతుంది కనుక గోళ్ల రంగు తుడిచే ద్రవాన్ని అలాంటి బట్టల దగ్గరకు రానీయకండి. కాగితం వాసన, గట్టి పూస రెండూ ఒకే పోగులో కనిపిస్తే అది పాలియెస్టర్‌తో నూలునో రేయాన్‌నో కలిపి వడికిన పోగు.

పాలియెస్టర్‌నూ నైలాన్‌నూ మంటతో విడదీయడం కష్టమే, అద్దకం ఉన్న బట్టలో పూస రంగు నమ్మదగినది కాదు. అక్కడ ఉప్పునీరు పనికొస్తుంది. ఇక కరగనంత వరకు ఉప్పు కలిపిన నీటి సాంద్రత (మామూలు నీటిది 1 అనుకుంటే) సుమారు 1.2 ఉంటుంది, నైలాన్‌ది 1.14, పాలియెస్టర్‌ది 1.38. పోగులను ముందు ఒక చుక్క సబ్బు కలిపిన నీటిలో బాగా నలిపి, గాలి బుడగలు పోయాక ఉప్పునీటిలో వేస్తే నైలాన్ తేలుతుంది, పాలియెస్టర్ మునుగుతుంది. బుడగలు మిగిలితే మాత్రం ఫలితం తప్పుతుంది. మామూలు నీటిలోనే తేలేది పాలీప్రొపిలీన్ అనే మరో సింథటిక్ పీచు.

పీచు ఏదో తెలిశాక దానితో ఏం కుట్టాలో తేల్చుకోవడం తేలిక. పాలియెస్టర్ ముడతలు పడదు, త్వరగా ఆరుతుంది, కానీ నూనెను పట్టుకొని వదలదు. అందుకే కాలర్ జిడ్డు మీద ముందుగా ద్రవ సబ్బు రాసి కాసేపు ఉంచాలి. రాపిడికి తట్టుకోవడంలో నైలాన్‌కు సాటి లేదు గనుక సంచులకు అదే మేలు. అయితే ఎండకు అది పసుపుబారి బలహీనపడుతుంది కనుక కిటికీ తెరలకు దాన్ని వాడమని నేను ఎవరికీ చెప్పను. ఎండను బాగా తట్టుకునేది అక్రిలిక్. దాని లోపమల్లా పైన ఉండలు కట్టడం, ఎక్కువ వేడికి సాగి రూపు చెడడం. సింథటిక్ బట్టలు దేనికైనా ఇస్త్రీ తక్కువ వేడితోనే మొదలుపెట్టాలి.

సాగే బట్టల్లో స్పాండెక్స్, అంటే రబ్బరులా సాగే సింథటిక్ పీచు, సాధారణంగా కొద్ది శాతమే ఉంటుంది. లాగి వదిలినప్పుడు బట్ట వెంటనే పూర్వపు కొలతకు వస్తే అది ఉండే అవకాశం ఎక్కువ. క్లోరిన్ బ్లీచ్, డ్రయ్యర్ వేడి దాన్ని దెబ్బతీస్తాయి, ఒకసారి సాగుడు పోయిన బట్టను మళ్లీ బాగుచేయలేం.