నర్సింగ్ ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) రెండో ఏడాది చదువుతున్నాను. వార్డులో ఇన్సులిన్ లోడ్ చేయమంటే చేతులు వణుకుతున్నాయి. లెక్క తప్పుతానేమోనని భయం.
– విద్యార్థిని, నల్గొండ

జవాబు: ఇన్సులిన్ దగ్గర లెక్క కన్నా సిరంజితోనే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. మన దగ్గర ఇన్సులిన్ సీసాల్లో (వయల్స్) మిల్లీలీటరుకు 40 యూనిట్లవి ఉంటాయి, 100 యూనిట్లవీ ఉంటాయి. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి ఆరెంజ్ మూత సిరంజి. ఇవి తారుమారైతే చూడండి. 40 వయల్ మందును 100 సిరంజిలో 20వ గీత దాకా లాగితే వచ్చేది 0.2 మి.లీ., అంటే 8 యూనిట్లే. షుగర్ దిగడం లేదని డాక్టరుగారు డోసు పెంచుతారు. మర్నాడు ఇంకొకరు సరైన సిరంజి వాడితే ఆ పెంచిన డోసంతా ఒంట్లోకి పోతుంది. 100 వయల్‌కు 40 సిరంజి వాడితే ఇంకా ఘోరం: 20వ గీత అంటే 0.5 మి.లీ., ఏకంగా 50 యూనిట్లు. పేషెంటు హైపోలోకి, అంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోయే స్థితిలోకి వెళ్లిపోతారు.

అందుకని మూత రంగు చూసి ఊరుకోవద్దు. వయల్ మీది అంకె, సిరంజి మీది అంకె రెండూ చదివి, ఒకటే అయితేనే లాగండి. లాగాక సిరంజినీ వయల్‌నూ కలిపి సిస్టర్‌కు చూపించండి. ‘ఇరవై తీశాను సిస్టర్’ అని నోటితో చెబితే చాలదు. కేస్ షీట్‌లో 4 పక్కన ఇంగ్లిష్ ‘యు’ అక్షరం గొలుసుకట్టుగా రాస్తే 40లా కనబడుతుంది. అనుమానం వస్తే రాసినవారినే అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

సెలైన్ లెక్క దీనికన్నా తేలిక. మి.లీ.లను సెట్ డ్రాప్ ఫ్యాక్టర్‌తో (ఆ సెట్‌లో ఒక మి.లీ.కు పడే చుక్కలు) గుణించి, నిమిషాలతో భాగించాలి. లీటరు 8 గంటల్లో, 20 చుక్కల సెట్‌తో ఎక్కించాలంటే 1000×20÷480, అంటే నిమిషానికి సుమారు 42 చుక్కలు. ఫ్యాక్టర్ ప్యాకెట్ మీదే ఉంటుంది. 60 చుక్కల మైక్రో సెట్ అయితే గంటకు ఎన్ని మి.లీ.లో నిమిషానికి అన్ని చుక్కలే. పేషెంటు చెయ్యి మడిచినా వేగం మారిపోతుంది కాబట్టి మధ్యమధ్యలో మళ్లీ లెక్కపెట్టాలి.

ప్రశ్న: క్లినికల్ పోస్టింగ్‌కు ముందు ఏ టీకా తప్పనిసరి?
– బీఎస్సీ నర్సింగ్ మొదటి ఏడాది, రాజమండ్రి

జవాబు: హెపటైటిస్ బి. 0, 1, 6 నెలల్లో మూడు డోసులు. మూడో డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు యాంటీ హెచ్‌బీఎస్ టైటర్ చేయించండి, టీకా పనిచేసిందో లేదో చెప్పే రక్తపరీక్ష ఇది. మి.లీ.కు 10 మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్లు లేదా అంతకు మించి ఉండాలి. చాలామంది ఈ పరీక్ష దగ్గరే వదిలేస్తారు. సూది గుచ్చుకుంటే పిండకుండా సబ్బు, నీళ్లతో కడిగి, వెంటనే ఇన్‌ఛార్జికి చెప్పండి. హెచ్‌ఐవీ మందులు అవసరమైతే 2 గంటల్లోపే మొదలుపెట్టడం మేలు, 72 గంటలు దాటనివ్వకూడదు. కోర్సు 28 రోజులు.

ప్రశ్న: బెంగళూరులో జీఎన్ఎం పూర్తిచేశాను. హైదరాబాద్‌లో ప్రైవేటు ఆసుపత్రి పిలిచింది, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేయమంటున్నారు. తర్వాత నార్సెట్ (ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగాల పరీక్ష) రాయాలని ఉంది.
– అభ్యర్థి, మహబూబ్‌నగర్

జవాబు: ఒరిజినల్స్ ఇవ్వకండి. చూపించి, అటెస్టెడ్ జిరాక్సులు ఇవ్వండి. ఒప్పుకోకపోతే ఇంకో ఆసుపత్రి చూసుకోవడమే మంచిది. మీ సర్టిఫికెట్లు వాళ్ల బీరువాలో ఉంటే ప్రభుత్వ నోటిఫికేషన్ వచ్చిన రోజు వెరిఫికేషన్‌కు చేతులూపుకుంటూ వెళ్లాల్సి వస్తుంది.

ముందు కర్ణాటక నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్, అక్కడి నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఆ తర్వాత తెలంగాణ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్. ఇక్కడి నోటిఫికేషన్ల కోసం ఆ పని ఇప్పుడే మొదలుపెట్టండి, చివరి తేదీ దాకా ఆగితే కాదు.

ఎయిమ్స్ నార్సెట్‌కు బీఎస్సీ వాళ్లకు అనుభవం అక్కర్లేదు. జీఎన్ఎం వాళ్లకు చదువయ్యాక కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి. కాబట్టి చేరే ముందే పడకల సంఖ్య కనుక్కోండి. 30 పడకల నర్సింగ్ హోమ్ రెండు వేలు ఎక్కువిస్తానన్నా ఆశపడొద్దు. మానేసేటప్పుడు ఎక్స్‌పీరియన్స్ లెటర్‌లో చేరిన తేదీ, వదిలిన తేదీ, హోదా, పడకల సంఖ్య నాలుగూ రాయించుకోండి. ‘రెండేళ్లు పనిచేశారు’ అని మాత్రమే రాసిస్తే వెనక్కిచ్చి, తేదీలతో మళ్లీ అడగండి.