నువ్వులో కొమ్ము పురుగు: ఏరితే పోతుందా, మందు కొట్టాలా?

ప్రశ్న: మా నువ్వు చేను పూత మీద ఉంది. అక్కడక్కడ మొక్కలకు ఈనెలు తప్ప ఆకు మిగల్లేదు. వెతికితే వేలెడంత లావున్న పచ్చటి పురుగులు కనిపించాయి, తోక దగ్గర కొమ్ముంది. కుడతాయేమోనని కూలీలు ముట్టుకోవడం లేదు. రాత్రి లైటు దగ్గరికి వీపు మీద పుర్రె బొమ్మ ఉన్న పెద్ద రెక్కల పురుగొకటి వచ్చింది, పట్టుకోబోతే కీచుమంది. రెండింటికీ సంబంధం ఉందా? ఏ మందు కొట్టాలి?

జవాబు: సంబంధం ఉందండి. మీరు లైటు దగ్గర చూసింది తల్లి పురుగు, చేలో ఉన్నవి దాని పిల్లలు. శాస్త్రీయ నామం అకెరాన్షియా స్టిక్స్. ముందు కూలీల టెన్షన్ తీర్చండి: ఆ కొమ్ము కుట్టదు, అందులో విషం లేదు. పురుగును గట్టిగా పట్టుకుంటే దవడలు టకటకలాడిస్తుంది, మహా అయితే కొరకబోతుంది. చేతికి గుడ్డ చుట్టుకుంటే చాలు.

మందు సంగతి తర్వాత. తల్లి పురుగు గుడ్లను కుప్పగా కాకుండా ఒక్కొక్కటిగా పెడుతుంది, అందుకే పురుగులు చేనంతా చెదిరి ఉంటాయి. జీవితకాలంలో తినే ఆకులో ఎక్కువ భాగం చివరి దశలోనే తింటాయి. ఒక్క పెద్ద పురుగు మొక్కను బోడి చేయడం అందుకే. అంటే పెద్దవాటిని ఏరేస్తే నష్టం అక్కడికక్కడే ఆగుతుంది. ఒంటి మీద ఏటవాలు చారలుండటంతో ఆకుల్లో కలిసిపోయి కంటికి ఆనవు. కాబట్టి మొక్కను కాదు, నేలను చూడండి. నిలువు గాడులున్న లావుపాటి రెట్ట గుళికలు తాజాగా పడి ఉంటే పురుగు సరిగ్గా ఆ పైనే ఉంటుంది.

ఏరేటప్పుడు ఒంటినిండా బియ్యపు గింజల్లాంటి తెల్లటి గూళ్లున్న పురుగు కనిపిస్తే వదిలేయండి. అవి పరాన్నజీవి కందిరీగల గూళ్లు. ఆ పురుగు ఎలాగూ చస్తుంది, బయటికొచ్చే కందిరీగలు మీ పని చేసిపెడతాయి.

చిన్న పురుగులు మరీ ఎక్కువుంటే బి.టి. మందును (పురుగులను చంపే బ్యాక్టీరియాతో చేసింది) డబ్బా మీది మోతాదులో సాయంత్రం పూట పిచికారీ చేయండి, ఎండకు దాని బలం తగ్గుతుంది. ఎదిగినవాటి మీద అది పెద్దగా పనిచేయదు. ఘాటు పురుగుమందులు ఇప్పుడు వద్దు. పూత మీదున్న నువ్వుకు తేనెటీగలు వస్తాయి, అవి చస్తే గింజకూ నష్టమే.

ఇక ఆ కీచు శబ్దం. నోటి గుండా గాలి పీల్చి వదలడం వల్ల వస్తుంది, అంతకుమించి అందులో కీడేమీ లేదు. తల్లి పురుగు ఆకు తినదు. దాని తొండం పొట్టిగా, బలంగా ఉంటుంది. రాత్రిపూట తేనెపట్టులో దూరి మైనపు మూతలు పొడిచి తేనె తాగుతుంది. చేను పక్కన తేనెపెట్టెలుంటే ద్వారాలు ఈగ మాత్రమే పట్టేంతగా కుదించండి.

ఎదిగిన పురుగు నేలలోకి దిగి ప్యూపాగా, అంటే రెక్కల పురుగయ్యే ముందు మేత మానేసే దశలోకి, మారుతుంది. వేడి రోజుల్లో రెండు మూడు వారాల్లో బయటికొస్తుంది, చలికాలమైతే నెలల తరబడి అక్కడే ఉండిపోతుంది. కోత అవగానే పగటిపూట లోతుగా దున్నండి. పైకి తేలిన ఎర్రటి గోధుమరంగు ప్యూపాలను పిట్టలు ఏరుకు తింటాయి. పక్కనే వంగ, చిక్కుడు ఉంటే వాటినీ ఓసారి చూడండి, ఈ పురుగు వాటినీ వదలదు.