శిలువ చుట్టూ ఆ చక్రం ఎక్కడిది?

ప్రశ్న: కెల్టిక్ శిలువ మీద ఉండే గుండ్రటి వలయం సూర్యుడి గుర్తనీ, ఐర్లండ్‌లో సూర్యుణ్ణి కొలిచేవాళ్ళను మతంలోకి తెచ్చుకోవడానికి, అక్కడ క్రైస్తవం ప్రచారం చేసిన సెయింట్ పాట్రిక్కే ఆ రెండూ కలిపేశాడనీ ఒక వీడియోలో చెప్పారు. నిజమేనా?

జవాబు: కథ బాగుంది గానీ ఆధారం లేదు. పాట్రిక్ 5వ శతాబ్దం మనిషి, వలయం ఉన్న పెద్ద రాతి శిలువలు కనిపించేదేమో 8వ శతాబ్దం నుంచి. అన్నిటికంటే పెద్ద చిక్కు పాట్రిక్ రాతలతోనే. ఆయన సొంతంగా రాసినవి రెండు మిగిలాయి, వాటిలో ఈ ఊసే లేదు సరికదా, ఒకచోట సూర్యుణ్ణి పూజించేవాళ్ళకు శిక్ష తప్పదని ఖరాఖండీగా రాశాడు. అలాంటాయన సూర్యుణ్ణి తెచ్చి శిలువకు తగిలించాడంటే నమ్మేదెలా?

మరి వలయం ఎందుకొచ్చింది? రోమన్లు 4వ శతాబ్దంలోనే క్రీస్తు గుర్తు చుట్టూ విజయమాల చెక్కేవాళ్ళు, అది అక్కణ్ణుంచే వచ్చిందని చాలామంది అంటారు. ఇంకో మాట, బరువైన రాతి చేతులు విరిగిపడకుండా ఆసరా కోసం పెట్టారని. దీనికి స్కాట్లండ్ పడమటి తీరంలోని అయోనా దీవిలో మంచి సాక్ష్యం ఉంది. అక్కడి సెయింట్ జాన్ శిలువను విడివిడి రాళ్ళతో, వడ్రంగులు చెక్కను బిగించినట్టు కుసులు పెట్టి కలిపారు, చేతుల అడ్డ వెడల్పు 2 మీటర్లు దాటిపోయింది. ముందు వలయం లేకుండానే నిలబెట్టారనీ, అది నిలవక పడ్డాక వలయం ముక్కలు చేర్చి మళ్ళీ ఎత్తారనీ దాన్ని పరిశీలించినవాళ్ళ అంచనా. అలాగని ఆసరా ఒక్కటే కారణమనలేం, ఎందుకంటే పలక రాళ్ళ మీద బొమ్మగా చెక్కిన శిలువలకు కూడా వలయాలున్నాయి, వాటికి విరిగే చేతులెక్కడివి! నా మటుకు, మాల అనే ఆలోచన ముందునుంచీ ఉండి, శిల్పులకు అది పనికొచ్చే ఉపాయం కూడా అయింది అనేదే సబబుగా తోస్తుంది.

ప్రశ్న: ఇంతకీ మొదట చేసింది ఎవరు? ఐర్లండా, స్కాట్లండా, ఇంగ్లండా?

జవాబు: అసలు గొడవంతా ఇక్కడే. రాయి వయసు కార్బన్ పరీక్షతో తేలదు, అది ఒకప్పుడు ప్రాణమున్న వస్తువులకే పనిచేస్తుంది. ఇక మిగిలింది చెక్కడం తీరు, మీదున్న రాతలు. ఐర్లండ్‌లో క్లోన్‌మక్‌నాయిస్ మఠం దగ్గరి శిలువ మీద అక్కడి ఫ్లాన్ రాజు పేరుంది, ఆయన 916లో పోయాడు కాబట్టి కాలం తేలిపోతుంది. ఐర్లండ్‌లోనే మొనాస్టర్‌బాయిస్ మఠంలోది మురెడాక్ చేయించాడని రాసుంది, సరే అనుకుంటే అక్కడ ఆ పేరుతో మఠాధిపతులు ఇద్దరు! ఎక్కువమంది 10వ శతాబ్దం మొదట్లో చనిపోయినాయనకే ఓటేస్తారు.

ఐర్లండ్ వాళ్ళు అహెనీ శిలువలు చూపిస్తారు. వాటి మీద గుబ్బలు, అల్లికలు చూస్తే చెక్క శిలువకు లోహపు రేకులు తొడిగినట్టే ఉంటుంది, అంటే అలాంటి పాత చెక్క శిలువలను చూసి చెక్కారని వాళ్ళ వాదన. ఇంగ్లిష్ వైపు వాదించేవాళ్ళు, ఇప్పటి ఉత్తర ఇంగ్లండ్, దక్షిణ స్కాట్లండ్‌లలో ఒకప్పుడున్న నార్తంబ్రియా రాజ్యం కాలపు రుత్‌వెల్ శిలువను ముందుకు తెస్తారు (ఊరు ఇప్పుడు స్కాట్లండ్‌లో ఉంది). దానికి వలయం లేదు, రూన్ అనే పాత జర్మానిక్ లిపిలో పాత ఇంగ్లిష్ కవిత పంక్తులున్నాయి. దాన్ని 1640ల్లో విగ్రహారాధన అంటూ పగలగొట్టారు, 1823లో స్థానిక పాస్టర్ హెన్రీ డంకన్ అతికించి నిలబెట్టాడు. ఇప్పుడు కనిపించే అడ్డచేయి ఆయన పెట్టించిన కొత్త రాయే, దాంతో అది మొదట శిలువేనా, ఉత్త స్తంభమా అని కూడా కొందరు కొట్టుకుంటున్నారు.

నేనైతే వలయం విషయంలో అయోనా వైపే మొగ్గుతాను. 563లో ఐర్లండ్ నుంచి వచ్చిన కొలంబా అనే సన్యాసి కట్టిన మఠం అది, 635లో అక్కణ్ణుంచే ఏడన్ అనే సన్యాసి వెళ్ళి నార్తంబ్రియాలో లిండిస్‌ఫార్న్ మఠం పెట్టాడు. మనుషులు, పుస్తకాలు, పనితనం అటూఇటూ తిరుగుతూనే ఉన్నాయి. అప్పటికి ఇంగ్లండ్, స్కాట్లండ్ అనే దేశాలే లేవు, మరి ఇప్పటి జెండాలు పట్టుకుని ఆ రాళ్ళ కోసం కొట్లాడితే ఏం తేలుతుంది?

ప్రశ్న: మరి వాటిని ‘కెల్టిక్’ అని ఎందుకంటారు?

జవాబు: చెక్కినవాళ్ళు అనలేదు. గ్రీకులు, రోమన్లు కెల్టులన్నది యూరప్ ప్రధాన భూభాగం జనాన్ని. వేల్స్ పండితుడు ఎడ్వర్డ్ లూయిడ్ 1707లో ఐరిష్, వెల్ష్ లాంటి భాషలు ఒకే కుటుంబమని చూపించాక ఆ మాట ఈ దీవులకు అంటుకుంది. 19వ శతాబ్దంలో ఈ ఆకారం సమాధి రాళ్ళకు ఫ్యాషన్ అయింది. అందుకే శ్మశానాల్లో ఫొటో తీసి ‘వెయ్యేళ్ళ నాటిది’ అని పెట్టేవాటిలో చాలావరకు విక్టోరియా రాణి కాలంవే.