స్కేలు: ఒక మాటా, రెండు మాటలా?

సందేహం: మాది పర్లాకిమిడి. మా మనవడు గీతలు గీసుకునే బద్దను స్కేలు అంటాడు. పక్క కొట్లో తూకం మిషన్‌నీ స్కేలే అంటారు. హార్మోనియం మాస్టారేమో మనవరాలిని "ఏ స్కేల్లో పాడతావమ్మా?" అని అడుగుతారు. ఇదంతా ఒకే మాటా? అన్నిటికీ సరిపోయే తెలుగు మాట ఉందా?

సమాధానం: ఒకే మాట కాదమ్మా. వేర్వేరు చోట్ల పుట్టిన మాటలు ఇంగ్లీషులోకి వచ్చాక ఒకే రూపానికి వచ్చాయి.

బద్ద స్కేలుకు మూలం లాటిన్ 'స్కాలా', అంటే నిచ్చెన. దూకడమనే అర్థమున్న సంస్కృత ధాతువు 'స్కంద్' దీనికి దూరపు చుట్టం. మనవడి బద్ద మీది మిల్లీమీటరు గీతలు చూడండి, అవే నిచ్చెన మెట్లు. మన పాత రూళ్ళకర్రకు ఆ మెట్లు ఉండేవి కావు. గుండ్రంగా దొర్లుతూ గీతలు గీయడానికే పనికొచ్చేది. అందుకే స్కేలును రూళ్ళకర్ర అనడం నాకు నచ్చదు, కొలబద్ద అంటే సరిగ్గా అతుకుతుంది. పే స్కేలు, మ్యాపు స్కేలు ఈ నిచ్చెన పిల్లలే.

సంగీతంలో స్కేలూ అంతే. స్వరాలు మెట్టుమెట్టుగా ఎక్కి దిగుతాయి. ఆరోహణ, అవరోహణ అన్న మన పేర్లలో ఉన్నదీ ఆ ఎక్కడం, దిగడమే. అయితే మాస్టారు అడుగుతున్నది స్వరాల వరస గురించి కాదు, శ్రుతి గురించి, అంటే పాటకు ఆధారంగా పెట్టుకునే స్వరం ఎంత ఎత్తులో ఉండాలన్నది. ఆయన సి షార్ప్ అంటే మనవాళ్ళు ఒకటిన్నర శ్రుతి అంటారు.

తూకం స్కేలు వంశం వేరు. పాత నార్స్ భాషలో, అంటే నార్వే, స్వీడన్, డెన్మార్క్ ఉన్న స్కాండినేవియా వాళ్ళ పాత భాషలో, 'స్కాల్' అంటే గిన్నె, తాగే పాత్ర. స్కాండినేవియా వాళ్ళు ఇప్పటికీ గ్లాసులెత్తి 'స్కోల్' అనుకుంటారు. గిన్నెల్లాంటి రెండు పళ్ళేలు వేలాడతాయి కనుక తక్కెడకు ఆ పేరు వచ్చింది. చేప పొలుసును స్కేలు అనడం ఫ్రెంచి దారిన వచ్చినా, దాని వేరూ ఈ గిన్నె వైపుదే.

కాబట్టి అన్నిటికీ ఒక్క తెలుగు మాట వెతకకండి. కొలబద్ద, శ్రుతి, తక్కెడ, త్రాసు మనకున్నాయి. కప్పల తక్కెడ అన్న జాతీయంలో తక్కెడ ఇంకా బతికే ఉంది. మీ సంతలో ఒడియావాళ్ళ నికితి కూడా అదే. పళ్ళేలు లేని కరెంటు యంత్రాన్ని మాత్రం మీరు రాసినట్టు తూకం మిషన్ అనండి. 1936లో మీ ఊరు ఒడిశాలో కలవడానికి ఎంతో ముందే, అక్కడ పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారు జనం నోటి మాట కోసం పోరాడారు. మనవడు స్కేలు అంటే దిద్దకండి, పక్కనే కొలబద్ద అన్న మాటా వినిపించండి.